మిలిటరీ చిన్నాన్న ఆఫ్రికా కూర

ఆ రోజుల్లో నాకు పదిహేడేళ్లు. అంటే లోకంలో నాకు తెలియని విషయమంటూ ఏదీ లేని వయసు. రాజ్యాలు ఎలా నడపాలో తెలుసు, పెద్దవాళ్లు ఎక్కడెక్కడ పొరబడుతున్నారో తెలుసు, విరిగిన మనసుల్ని ఎలా కలపాలో మరీ బాగా తెలుసు. తెలియనిదల్లా గంజి వార్చడం ఒక్కటే. నిజాం రాజ్యం పోయి, యూనియన్ సైన్యం సికింద్రాబాదులోకి వచ్చిన కాలం అది. దాన్ని అందరూ పోలీస్ యాక్షన్ అనేవారు (వచ్చినవి మిలిటరీ లారీలు, ట్యాంకులు, పోలీసు మాత్రం నా కంటికి ఒక్కడూ కనపడలేదు). ఆ రోజుల గురించి చదువుకున్నవాళ్లు రాజకీయాలు రాస్తారు, రాయనివ్వండి. నేను కోడికూర గురించి రాస్తాను. నాకు బాగా గుర్తున్నది అదే. అందులో తప్పంతా నాది కాబట్టి ఇంకా బాగా గుర్తుంది.

మేం బన్సీలాల్‌పేట్‌లో ఒక ఇరుకు గల్లీలో ఉండేవాళ్లం. మా నాన్న మిషన్ బడిలో టీచరు. గుంటూరు వైపునుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాడు. మా ఇంటి గోడకు అవతలి ఇల్లు కళాయి మామది. ఇత్తడి గిన్నెలకు కళాయి వేయడం ఆయన పని. పొద్దున్నే వాకిట్లో చిన్న కొలిమి పెట్టి తిత్తి ఊదడం మొదలుపెడితే, కళాయికి వాడే ఆ నవాసాగరం పొగ మా ఇంట్లోకి వచ్చి మమ్మల్ని నిద్ర లేపేది. ఆయన కూతురు మున్నీ నా ఈడుదే. మా రెండు పెరళ్ల మధ్య గోడలో నాలుగు ఇటుకలు ఊడిపోయి ఒక కంత ఉండేది. మా స్నేహమంతా ఆ కంతలోంచే నడిచింది. జామకాయలు, పుస్తకాలు, రహస్యాలు, పండుగలకు కూర గిన్నెలు, అన్నీ అందులోంచే అటూ ఇటూ తిరిగేవి. నేను మాట్లాడితే పాఠం చెప్పినట్టుంటుందని మున్నీ నన్ను టీచరమ్మా అని పిలిచేది. నాకది బిరుదులా ఉండేది. అది వెక్కిరింపని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

మా రెండిళ్లకీ మధ్య ఎవరూ రాసుకోని ఒక పద్ధతి ఉండేది. మా ఇంట్లో కోడి కోయాలంటే కళాయి మామే రావాలి. ఆయన భుజం మీద తువ్వాలు వేసుకుని, కత్తి తుడుచుకుంటూ వచ్చి, బిస్మిల్లా చెప్పి హలాల్ చేసి వెళ్లేవాడు. అప్పుడే గదా వాళ్లూ తినగలిగేది! తర్వాత మొదటి గిన్నె కంతలోంచి అటు వెళ్లాలి, ఆ తర్వాతే మాకు వడ్డన. క్రిస్మస్‌కైనా, నేను పరీక్ష పాసైనా, చిన్నాన్న బర్మానుంచి తిరిగొచ్చిన రోజైనా ఇదే వరస. పదేళ్లుగా జరుగుతున్నది కాబట్టి దాని గురించి ఎవరం ఆలోచించేవాళ్లం కాదు.

ఇక మా చిన్నాన్న. యుద్ధంలో బర్మా వైపు పటాలంలో వంటవాడిగా పనిచేసి, యుద్ధం అయిపోయాక మా ఇంటికొచ్చి, వరండాలో మంచం వేసుకుని, మళ్లీ లేవలేదు. ఆయన బర్మానుంచి తెచ్చినవి రెండే: ఒక ఊలు కంబళి, ఒక వంట. పక్క గుడారాల్లో ఆఫ్రికానుంచి వచ్చిన పటాలం ఉండేదట. ఆ పటాలం వంటమాస్టరు ఆరడుగుల మనిషి. ఆయనకూ మా చిన్నాన్నకూ ఉమ్మడిగా ఒక్క భాషా రాదు. ఎదురెదురుగా కూర్చుని ఉల్లిపాయలు కోస్తూ కోస్తూ స్నేహితులైపోయారట. ఆయన నేర్పిన కూర అది: కోడిమాంసం, వేరుశనగ ముద్ద, బోలెడు కారం. "వదినా, ఒక్కసారి పొయ్యి నాకిచ్చి చూడు. తిన్నవాడు పుట్టిన ఊరు మర్చిపోవాలి," అనేవాడు చిన్నాన్న. "కోడిలో వేరుశనగపప్పా! ఊరు మర్చిపోవడం కాదయ్యా, ముందు వాంతి చేసుకుంటారు. నా వంటింట్లో అడుగుపెట్టావో, చూడు మరి," అనేది మా అమ్మ. మూడేళ్లుగా వాళ్లిద్దరికీ ఇదే సంభాషణ. మధ్యలో రాజ్యం మారింది గానీ ఇది మారలేదు.

సైన్యం ఊళ్లోకి వచ్చిన రోజునుంచి కళాయి మామ తలుపు మూసుకుంది. కొలిమి వెలగలేదు, తిత్తి చప్పుడు లేదు. బయటినుంచి వచ్చే కబుర్లు మంచివి కావు; ఏ ఊళ్లో ఏం జరిగిందో పెద్దవాళ్లు మా ముందు చెప్పుకునేవాళ్లు కాదు. మా నాన్న ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి ఒక ఆజ్ఞ వేశాడు. "వాళ్లు భయంలో ఉన్నారు. ఇప్పుడు మనం వెళ్లి పలకరిస్తే జాలి చూపించినట్టుంటుంది. వాళ్లంతట వాళ్లు బయటికొచ్చేదాకా ఆ గుమ్మం తొక్కకపోవడమే మర్యాద." నాన్న గల్లీకంతటికీ పంతులు. కాబట్టి ఆ మర్యాద గల్లీ అంతా పాకింది. అంతకుముందు రోజూ ఆ గుమ్మం ముందు ఆగి, గిన్నె ఎప్పుడిస్తావని గొంతు చించుకునేవాళ్లంతా, పిల్లి నడిచినట్టు నడిచి దాటిపోవడం నేర్చుకున్నారు. అంత మర్యాద మా గల్లీలో అంతకుముందెప్పుడూ లేదు, తర్వాతా లేదు.

ఎనిమిదో రోజు, శుక్రవారం సాయంత్రం, కంతలోంచి మున్నీ పిలిచింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. "టీచరమ్మా, సోమారం పొద్దుగాల పోతున్నం. అబ్బా ఖబర్ పంపి జట్కా మాట్లాడిండు. మొదలు పట్నంల పెద్దబ్బా ఇంటికి. అటెన్క కరాచీ అంటుండ్రు," అంది. "కరాచీయా? అదెక్కడుందో తెలుసా నీకు?" అన్నాను. "తెల్వది. నువ్వున్నవ్ గద, చెప్పు," అని నవ్వబోయి ఏడ్చేసింది. భూగోళంలో నాకు ఎప్పుడూ మంచి మార్కులే వచ్చేవి. అయినా ఆ సాయంత్రం నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. మున్నీ లేకుండా బడికి వెళ్లడం, మున్నీ లేకుండా జామకాయ తినడం, అవతల ఎవరూ లేని ఆ కంతను చూస్తూ బతకడం నావల్ల కాదనిపించింది. మంచం మీద పడి, దిండు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఏడుపు అయ్యాక లేచి, పదిహేడేళ్ల మనిషిని కాబట్టి, ఒక పథకం వేశాను.

పథకం ఇది. వాళ్లకు విందు ఇవ్వాలి. మామూలు కూర పంపితే మామూలుగా తిని, మామూలుగా వెళ్లిపోతారు. మనుషులు ప్రయాణం మానుకోవాలంటే వాళ్లెప్పుడూ తినని వంట ఏదో ఉండాలి. తిన్నవాడు పుట్టిన ఊరు మర్చిపోతాడంటే, కరాచీ ఏపాటి! వరండాలోకి పరిగెత్తి చిన్నాన్నను లేపాను. విషయం సగం వినేసరికే ఆయన మంచం దిగి నిలబడ్డాడు (మూడేళ్లలో ఆయన అంత వేగంగా లేవడం నేను చూడలేదు). శనివారం యాప్రాల్ దాకా నడిచి వెళ్లి, తెలిసిన రైతు దగ్గర బలిసిన పుంజునొకదాన్ని చంకలో పెట్టుకొచ్చాడు. వేరుశనగపప్పు ఇంట్లోనే ఉంది. గడబిడ రోజుల్లో ఏదీ దొరకదని అమ్మ ముందే బస్తా తెప్పించి మంచం కింద దాచింది. ఆదివారం అమ్మా నాన్నా ఆరాధనకు వెళ్లే సమయంలో వంటిల్లు మాది. నాకు తలనొప్పి అని చెప్పాను. అమ్మ నా నుదురు పట్టుకుని ప్రార్థన చేసి మరీ వెళ్లింది. ఆ పాపం నా ఖాతాలో ఇంకా ఉంది.

కత్తి చేతిలోకి తీసుకున్నాక చిన్నాన్న ఒక్క నిమిషం ఆగాడు. "ఏమ్మా, భాయ్‌ని పిలుద్దామా?" అన్నాడు. ఆ మాట ఆయన అడిగాడు, అది నేను ఒప్పుకోవాలి. నేనే వద్దన్నాను. "తలుపేసుకుని కూర్చున్న మనిషి చేతికి కత్తిచ్చి బయటికి పిలుస్తావా చిన్నాన్నా? వీధిలో పటాలం తిరుగుతోంది. అంత సున్నితం తెలీదా నీకు?" అని క్లాసు పీకాను. చిన్నాన్న సిగ్గుపడి, మిలిటరీ పద్ధతిలో ఆ పని తనే కానిచ్చేశాడు. నా సున్నితానికి నేనే ఎంత మురిసిపోయానో చెప్పలేను.

వంట మొదలైంది. వేరుశనగపప్పు వేయించి, పొట్టు ఊది, నూనె తేలేదాకా రోట్లో నూరే పని నాకు పడింది. మొదటి పావుగంట ఉత్సాహంగా నూరాను. తర్వాత నా రెక్కలు నావి కావనిపించింది. అటు చిన్నాన్న కోడిముక్కలు నూనెలో ఎర్రగా వేయించి, ఉల్లిపాయలు, అల్లం, రామములక్కాయలు (అంటే టమాటాలు) ఒకదాని వెంట ఒకటి గుమ్మరిస్తున్నాడు. "అక్కడో మిరపకాయ ఉందమ్మా, వేలిగోరంత. దాని ముందు మన గుంటూరు మిరపకాయ బెల్లంముక్క," అంటూ, ఆ లోటు తీర్చడానికి పిడికిళ్ల కొద్దీ ఎండుమిరపకాయలు నూనెలో వేశాడు. ఘాటు లేచింది. మా ఇద్దరికీ కళ్లు కనపడలేదు. పొగ వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి కంతలోకి వెళ్లింది. గోడ అవతల కళాయి మామ దగ్గడం మొదలుపెట్టాడు. పది రోజుల తర్వాత ఆ ఇంట్లోంచి వినపడిన మొదటి మగ గొంతు అది. నాకెంత సంతోషమైందో! పథకం పనిచేస్తోందనుకున్నాను.

వేరుశనగ ముద్దను వేడినీళ్లలో కలిపి పోసి, సన్నసెగ మీద ఉడకనిస్తే, చివరికి ఎర్రటి నూనె పైకి తేలింది. వాసన మాత్రం నిజంగా అద్భుతంగా ఉంది, చిన్నాన్న కోతలు కోయలేదు. మా ఇంట్లో ఉన్న అన్నిటికంటే మంచి గిన్నెలో (కళాయి మామ చేత్తో కళాయి వేసిందే) నిండా పోసి, కంత దగ్గరికి వెళ్లి మున్నీని పిలిచాను. ఆఫ్రికా నుంచి బర్మా మీదుగా వచ్చిన వంట అనీ, వాళ్లకోసమే చేశామనీ, తిన్నాక వెళ్లాలనిపిస్తే అప్పుడు వెళ్లమనీ గబగబా చెప్పేశాను. మున్నీ గిన్నె అందుకుంది. వాసన చూసి కళ్లు మూసుకుంది. తర్వాత కళ్లు తెరిచి మెల్లగా ఒక్క మాట అడిగింది.

"కోడి ఎవలు కోసిన్రు?"

అన్నీ ఆలోచించాను గదా! పొయ్యి ఎప్పుడు ఖాళీ అవుతుందో, పప్పు ఎంత కావాలో, తలనొప్పి ఏ పక్కన వచ్చిందని చెప్పాలో, అన్నీ. పదేళ్లుగా కళ్లముందు జరిగే ఈ ఒక్కటి మాత్రం బుర్రలోకి రాలేదు. "చిన్నాన్న," అన్నాను. మున్నీ గిన్నెను మెల్లగా కంతలో పెట్టేసింది. అప్పుడు ఆమె వెనకనుంచి కేక వినపడింది.

"ఏందీ? ఎవలు కోసిన్రు? ఎవల్నడిగి కోసిన్రు?"

తలుపు గడియ ధడాలున పడింది. పది రోజులుగా మూసి ఉన్న ఆ తలుపు తెరుచుకుని, లుంగీ, బనియనులో, గడ్డం రేగిపోయి, కళాయి మామ గల్లీలోకొచ్చి, అటూ ఇటూ చూడకుండా నేరుగా మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. చిన్నాన్న చేతిలో గరిటెతో బయటికొచ్చాడు. నేను తలుపు చాటున దాక్కున్నాను.

"ఏం మిల్ట్రీ? పదేండ్లసంది ఈ ఇంట్ల నా చెయ్యి పడకుండ కోడి పొయ్యెక్కిందా? ఈ పిల్ల పాసైతే నేనే, నువ్వు బర్మాకెల్లి వస్తే నేనే. ఇయ్యాల నేను పనికి రాకుండ పోయిన్నా? పక్కింట్ల బతికున్న కదయ్యా, సచ్చిపోయిన్నా?"

"అది కాదు భాయ్," అన్నాడు చిన్నాన్న, గరిటెలోంచి కారుతున్న కూరను చూసుకుంటూ. "తలుపేసుకున్నావు గదా. ఇబ్బంది పెట్టడమెందుకని..."

"ఏసుకున్న. ఏసుకుంటే కొట్టరాదా? తలుపున్నదెందుకు?" మామ గొంతు ఒక్కసారిగా పడిపోయింది. "మిల్ట్రీ లారీలంటే భయమే అయింది, అబద్ధమెందుకు. గా భయం నాలుగు దినాలకు తగ్గింది. పది దినాలాయె, ఒక్కలన్న తలుపు కొట్టిన్రా? పంతులు సాబ్ దినాం నా గుమ్మం ముంగట్నుంచి చెప్పుల సప్పుడు సుత రాకుండ పోతడు. నేను ఇంట్ల కూసొని ఇంటున్న. గల్లీకి గల్లీ గిట్ల పోతుంటే, ఇంక ఈడ మనకేం పనుందిరా అనుకున్న. జట్కా మాట్లాడిన."

సరిగ్గా అప్పుడే అమ్మా నాన్నా ఆరాధననుంచి వచ్చి వీధి గుమ్మం దగ్గర ఆగిపోయారు. నాన్న చంకలో బైబిలు ఉంది. ఆ మాటలన్నీ విన్నాడని ఆయన ముఖం చూస్తే తెలుస్తోంది. తప్పు ఒప్పుకోవడం నాన్నకు అలవాటు లేదు; టీచర్లకు అది వృత్తిరీత్యా కుదరదు. బైబిలు చంక మార్చుకుని, "మర్యాద అనుకున్నాను భాయ్," అన్నాడు చిన్నగా.

"గా మర్యాద మీరే పెట్టుకోండ్రి సాబ్," అన్నాడు కళాయి మామ. "నాకు కోడినియ్యుండ్రి."

ఇవ్వడానికి కోడి ఎక్కడుంది? పుంజు గిన్నెలో ఉంది. అందరం ఒకరి ముఖాలొకరు చూసుకుంటుండగా అమ్మ పెరట్లోకి వెళ్లి, గంప ఎత్తి, తన పెట్టను తీసుకొచ్చింది. అది రోజుకో గుడ్డు పెట్టే పెట్ట. గడబిడ రోజులన్నీ దాన్ని కన్నబిడ్డలా గంప కింద దాచి కాపాడుకుంది. "తీసుకోండన్నయ్యా," అంది. "గుడ్లు పెట్టేదాన్ని కోస్తరా చెల్లె ఎవలన్న?" అన్నాడు మామ. "పెట్టినన్నాళ్లు పెట్టింది లెండి," అని అమ్మ పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది. పెట్టకోసమో మనిషికోసమో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఈసారి పద్ధతిగా జరిగింది. మామ కత్తి తెచ్చుకుని బిస్మిల్లా చెప్పి కోశాడు. మున్నీ వాళ్లమ్మ తమ ఇంట్లోంచి పెద్ద దేగిశా మోసుకొచ్చింది. నేను మళ్లీ రోలు ముందు కూలబడ్డాను. ఈసారి మున్నీ ఎదురుగా కూర్చుని, "జెర బలంగ నూరు టీచరమ్మా," అని ఆజ్ఞలిచ్చింది. చిన్నాన్న మళ్లీ ఆఫ్రికా మొదలుపెట్టాడు. మిరపకాయల దగ్గర అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపబోయింది గానీ, అప్పటికే మూడు పిడికిళ్లు పడ్డాయి. మున్నీ వాళ్లమ్మ ఉడుకుతున్న పులుసు ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి, నొసలు ముడిచి, మళ్లీ నాకి, పకపకా నవ్వింది. "యా అల్లా! ఇది మా బగారా బైంగన్ పల్లీ మసాలనే గద! నువ్వులు, కొబ్బరి, చింతపండు మర్చిపోయిండు. వంకాయలు తీసి కోడిని ఏసిండు!"

పాపం, చిన్నాన్న ముఖం చూడాలి. సముద్రాలు దాటి వచ్చిందని మూడేళ్లు చెప్పుకున్న వంట, గోడ అవతల ప్రతి పెళ్లికీ ప్రతి పండుగకీ ఉడుకుతూనే ఉందట. "అది వేరు, ఇది వేరు," అని ఆయన వాదించాడు. "అక్కడ చింతపండే ఉండదు!" అన్నాడు. "గందుకే గిట్లుంది," అంది ఆవిడ. ఆ వాదం అక్కడితో ఆగలేదు. ఆ ఇద్దరూ బతికున్నన్నాళ్లూ సాగింది.

మా వాకిట్లోనే చాపలేసి అందరం కూర్చున్నాం. మామ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, గుటక వేసి, కాసేపు ఆకాశం వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అరే మిల్ట్రీ, దీన్ని ఆఫ్రికాలనే ఇడిసిపెట్టి రావొద్దా!" అని, మళ్లీ అన్నం పెట్టించుకున్నాడు. ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. నాన్న కళ్లలోంచీ కారుతున్నాయి. అమ్మా, మున్నీ, మున్నీ వాళ్లమ్మా, నేనూ, అందరం ముక్కులు ఎగబీలుస్తూ తిన్నాం. ఎవరూ ఎవరినీ ఎందుకని అడగలేదు. కారం అంత బాగా కుదిరింది.

సోమవారం పొద్దున జట్కా వచ్చింది. మామ దాని యజమానిని కూర్చోబెట్టి, మిగిలిన కూర పెట్టి, రెండు చెంబుల నీళ్లు తాగించి పంపించేశాడు. జట్కా మలుపు తిరిగేదాకా నేను కంత దగ్గరే నిలబడి ఉన్నాను. కాసేపటికి తిత్తి చప్పుడు వినపడింది. నవాసాగరం పొగ వచ్చి, అమ్మ ఎప్పటిలాగే విసుక్కుంది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు నేను ఈ కథను నా గొప్పగా చెప్పుకుంటూ వచ్చాను. పదిహేడేళ్ల పిల్ల వేసిన పథకం ఒక సంసారాన్ని ఎలా ఆపిందో, చుట్టాలకూ, తోటి టీచర్లకూ (అవును, చివరికి టీచరునే అయ్యాను), మనవలకూ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నేను నూరిన వేరుశనగపప్పు ఇంకో శేరు పెరిగేది. ఒకసారి రాంగోపాల్‌పేట్‌లో మున్నీ ఇంట్లో, ఆమె కోడళ్ల ముందు చెబుతున్నాను. అప్పటికి మా ఇద్దరికీ తల నెరిసింది, ఇద్దరికీ కారం పడటంలేదు. మున్నీ అంతా ఓపిగ్గా విని, తమలపాకుకు సున్నం రాస్తూ అంది: "అంత తక్లీఫ్ ఎందుకే టీచరమ్మా? నువ్వొచ్చి ఒక్కపాలి తలుపు కొడితే అయిపోతుండె. రెండు కోళ్లు బతికేటివి."

కోడళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను ఆ తమలపాకు అందుకుని నోట్లో పెట్టుకున్నాను. అప్పుడప్పుడు ఆ పదిహేడేళ్ల పిల్ల గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. గోడ అవతల ప్రాణస్నేహితురాలు ఏడుస్తుంటే, ఆ తెలివైన పిల్ల ఆఫ్రికా దాకా ఆలోచించింది గానీ, నాలుగడుగులు నడిచి తలుపు కొట్టాలని ఆలోచించలేకపోయింది.